నిండుగా దిగొచ్చే సీసా

ఆ ఎండాకాలం మేము ఇరవై మూడో అంతస్తు నుంచి ముప్పై ఒకటో అంతస్తు దాకా కట్టాం. అంతస్తుకు తొమ్మిది రోజులు పట్టేది. ఏ నెలలో ఏం జరిగిందని అడిగితే చెప్పలేను కానీ ఏ అంతస్తులో జరిగిందో చెప్పగలను. మా బావకు నిద్ర కరువైంది ఇరవై మూడులో.

బావ టవర్ క్రేన్ నడుపుతాడు. నేను కింద సిగ్నల్ ఇస్తాను. పైనుంచి ఆయనకు అన్నీ కనిపిస్తాయని జనం అనుకుంటారు. గోడ అవతల ఏముందో ఆయనకు కనిపించదు. హుక్కు ఎక్కడుందో, దాని కింద ఎవరున్నారో నేను రేడియోలో చెప్పాలి. రేడియోలో చుట్టరికాలు ఉండకూడదని ఇంజనీరు మొదటిరోజే చెప్పాడు. అందుకని సైటులో ఉన్నంతసేపూ నేను ఆయన్ని ‘క్రేన్’ అంటాను, ఆయన నన్ను ‘సిగ్నల్’ అంటాడు. గేటు దాటాకే బావా, బావమరిదీ.

మిగతా సైటు ఆయన్ని ‘పైనాయన’ అంటుంది. వాన పడేట్టుందా అని ఎవరైనా అడిగితే, “పైనాయన్ని అడుగు, మబ్బు పక్కనే కూర్చున్నాడు” అంటారు.

క్రేన్ మీద గది, కుర్చీ, రెండు మీటలు, ఒక ఫ్యాను ఉంటాయి. మరుగుదొడ్డి ఉండదు. అది కింద, గేటు పక్కన ఉంటుంది. దిగడానికి పన్నెండు నిమిషాలు, ఎక్కడానికి పద్దెనిమిది. క్రేన్ ఆగితే నూట ఇరవై మంది చేతులు ఆగుతాయి. అందుకని బావకు పని నేర్పిన ముసలి ఆపరేటరు ఒక సూత్రం చెప్పాడు: పొద్దున్న ఎక్కినప్పటి నుంచి సాయంత్రం దిగేదాకా నోటికి నీళ్లు చూపించకు, కడుపు నీకు పని చూపించదు. బావ దాన్ని పదకొండేళ్లు పాటించాడు. ఆ పదకొండేళ్లలో షిఫ్టు మధ్యలో ఒక్కసారి కూడా దిగలేదు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పేవాడు. చెప్పకపోతే మేమే చెప్పించేవాళ్లం.

నేను వాళ్లింట్లోనే ఉంటాను. రెండు గదులు, మధ్యలో ఒక గోడ. గోడ ఇటువైపు నేను పడుకుంటే, అటువైపు బావ పొర్లడం వినిపించేది. అక్క కిటికీ పరదాలు కుట్టే కొట్లో పని చేస్తుంది. ఆమెకు తెలిసిన మందు పరదా. మొదట వాళ్ల గది కిటికీకి ఒక పరదా కట్టింది. తర్వాత దాని మీద ఇంకొకటి కట్టింది.

“ఇప్పుడు కళ్లు తెరిచినా మూసినా ఒకటే” అన్నాడు బావ. “తెరిచే ఉంచుతున్నాను.”

పరుపు తిరగేశారు, దిండు మార్చారు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాన్ని నా గదిలోకి పంపారు. దాంతో నాకూ నిద్ర పోయింది. రాడ్లు కట్టే మేస్త్రీ ఒకడు, అంకెలు వెనక నుంచి లెక్కపెట్టమన్నాడు. బావ వెయ్యి నుంచి మొదలుపెట్టి సున్నా దాకా వచ్చి, మర్నాడు మేస్త్రీతో, “లెక్క సరిపోయింది. ఇంకేం చేయను?” అన్నాడు.

చివరికి మందుల షాపాయన ఒక మాత్ర ఇచ్చాడు. జలుబుకు, దురదకు వేసుకునేదే, మత్తుగా ఉంటుంది, రెండు వేసుకోండి అన్నాడు. బావ రెండు వేసుకున్నాడు. ఆ రోజు నాలుగు గంటలు పడుకున్నాడు. అక్క ఆ షాపాయన్ని దేవుడంది. ఇరవై అయిదో అంతస్తుకల్లా రెండు మాత్రలు మూడయ్యాయి, నాలుగు గంటలు మళ్లీ రెండయ్యాయి.

ఇరవై ఆరో అంతస్తులో, పది గంటల వేళ, రాడ్ల కట్ట ఒకటి పైకి వస్తోంది. టన్నున్నర. నేను స్లాబు మీదే ఉన్నాను. రాడ్లు కట్టేవాళ్లు ఆరుగురు చేతులు చాచి నిలబడి ఉన్నారు. కట్ట వాళ్ల తలల ఎత్తుకు వచ్చి ఎడమకు తిరుగుతోంది.

“క్రేన్, ఆపండి” అన్నాను.

ఆగలేదు.

“క్రేన్, ఆపండి. క్రేన్.”

కట్ట మెల్లగానే వస్తోంది. ఆ మెల్లగా రావడం వల్లే ఎవరికీ పరిగెత్తాలని తోచలేదు. చివర నిలబడ్డవాడి వెనక స్తంభం రాడ్లున్నాయి. వాడికి వెనక్కి జరిగే చోటు లేదు.

“బావా!” అన్నాను.

కట్ట ఆగింది. చివరివాడికీ దానికీ మధ్య నా చెయ్యంత దూరం ఉంది. తర్వాత కొలిచాను కాబట్టి చెప్తున్నాను.

ఇంజనీరు మెట్లెక్కి వచ్చాడు. “ఏమైంది?”

“బ్యాటరీ, సార్” అన్నాను. “మాట వెళ్లలేదు.”

ఆయన తన నడుముకున్న రేడియో తీసి నాకిచ్చాడు. కొత్తది. నా పాతది తీసుకుని కిందికి వెళ్లాడు.

సాయంత్రం ఇంటికి నడుస్తున్నప్పుడు రెండు వీధులు దాటాక బావ అడిగాడు.

“ఎన్నిసార్లు పిలిచావు?”

“మూడు.”

“నాకు ఒక్కటే వినబడింది.”

ఆ తర్వాత రోజుల్లో నేను నిమిషానికోసారి రేడియోలో పిలిచేవాణ్ణి. క్రేన్, వినబడుతోందా. క్రేన్, గాలి ఎలా ఉంది. క్రేన్, టైమెంత. “ఏంటయ్యా, పైనాయనకు జోలపాట పాడుతున్నావా?” అని కుర్రాళ్లు నవ్వారు. జోలపాట కాదు, దానికి వ్యతిరేకం అని చెప్పలేకపోయాను. కక్కలేక మింగలేక పది రోజులు గడిపాను.

బావ భోజనం సంచి తాడు మీద వెళ్లేది. ఆయన పైనుంచి తాడు వదిలితే నేను సంచి కట్టేవాణ్ణి. సాయంత్రం అదే తాడు మీద ఖాళీ క్యారేజీ, నీళ్ల సీసా దిగేవి. సీసాలో నీళ్లు ఉండేవి. వాటిని గేటు పక్కన ఒక మొక్క మొదట్లో పోసి సీసా కడిగేవాణ్ణి. అది అలవాటు. అలవాటైన పనిని మనిషి చూడడు.

పదో రోజు సాయంత్రం వాచ్‌మన్ కుర్చీలోంచి అన్నాడు. “ఈ మొక్క మీ బావ పుణ్యాన బతుకుతోందయ్యా. రోజూ సీసాడు నీళ్లు. ఆయన గనక తాగడం మొదలుపెడితే ఇది చచ్చిపోతుంది.”

నేను సీసా వంక చూశాను. మూత మీద అక్క పొద్దున్న చుట్టిన గుడ్డ ముడి అలాగే ఉంది. అంత ఎండలో ఆయన ఒక్క గుక్కా తాగలేదు.

ఇంట్లో అక్క ఇస్త్రీ చేస్తుంటే ఆ సీసా తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. బావ స్నానం చేస్తున్నాడు. రాడ్ల సంగతి చెప్పాను, రేడియో సంగతి చెప్పాను. అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

“ఇన్నాళ్లు నాతో అనకుండా ఎలా ఉన్నావురా?”

“నువ్వు భయపడతావని.”

“ఇప్పుడు భయపడట్లేదా?” అని సీసా చేతిలోకి తీసుకుంది. కాసేపటికి గొంతు తగ్గించింది. “నీకో మాట చెప్తాను, మీ బావతో అనకు. పెళ్లయిన పదేళ్లలో ఎవరికీ చెప్పలేదు.”

“చెప్పు.”

“ఆయనకు సరిగ్గా అవ్వట్లేదు.”

“ఏది?”

“ఏదేంట్రా, మొద్దూ! పొద్దున్నే లోపలికెళ్లి అరగంట కూర్చుంటాడు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేసి వస్తాడు. పేపరు అయిపోతుంది, పని అవ్వదు. నాలుగు రోజులకోసారి. పడుకుంటే పొట్ట రాయిలా ఉందంటాడు. ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు.”

“మరి నిద్ర పట్టట్లేదని పరదాలు కడతావేంటి?”

“పొట్టకు పరదా కట్టలేను కదరా” అంది.

మర్నాడు సాయంత్రం ముగ్గురం క్లినిక్‌కు వెళ్లాం. తలనొప్పికని చెప్పి అక్క బావను బయల్దేరదీసింది. తలనొప్పి ఎవరికో చెప్పలేదు.

డాక్టరుకు ముప్పై ఏళ్లుంటాయి. బావ నిద్ర సంగతి చెప్పాడు. మాత్రల సంగతి చెప్పాడు. ఆమె రాసుకుంటూ అడిగింది. “విరేచనం ఎలా అవుతోంది?”

బావ నీళ్లు నమిలాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “నువ్వు బయట కూర్చో.”

బయట కూర్చున్నాను. ఆ గదికి అడ్డంగా ఉన్న చెక్క గోడ పైకప్పు దాకా లేదు. నాతో పాటు బల్ల మీద ఇంకా అయిదుగురు ఉన్నారు.

“పర్వాలేదమ్మా, అవుతోంది” అంటున్నాడు బావ.

“ఎన్ని రోజులకు?”

“అదే... అవుతూ ఉంటుంది.”

“నాలుగు రోజులకండీ” అంది అక్క. “ఒక్కోసారి అయిదు. రాయిలాగా.”

బల్ల మీదున్న ఒక పెద్దావిడ తల పంకించింది. “మా ఆయనకూ ఇంతే” అంది నాతో.

రక్తం పడుతోందా, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బులున్నాయా అని డాక్టరు అడిగింది. లేదన్నాడు బావ. పగలు నీళ్లెన్ని తాగుతారని అడిగింది. తాగనన్నాడు. ఎందుకని అడిగింది. పదకొండేళ్ల సంగతి చెప్పాడు. గొంతులో ఆ గర్వం గోడ ఇవతలికి కూడా వినిపించింది.

“చూడండి” అంది డాక్టరు. “కడుపూ, నిద్రా ఒకే ఇంట్లో అద్దెకుంటున్న ఇద్దరు. ఒకరు తలుపు గట్టిగా వేస్తే రెండోవాళ్లు లేస్తారు. కడుపు కదలనివాళ్లలో చాలామందికి నిద్ర సరిగా ఉండదు. నిద్ర లేనివాళ్లకు కడుపు మొరాయించడమూ చూస్తాం. మీకు ఏది ముందు మొదలైందో నేను చెప్పలేను. కానీ మీరు వేసుకునే ఆ మాత్ర ఉందే, అది రెండిటినీ చెడగొడుతోంది.”

“నిద్రకే కదండీ వేసుకుంటున్నాను?”

“దానికి పేగు మందగిస్తుంది. పొద్దున్న దాకా మత్తు దిగదు. నిద్ర కోసం వేసుకుంటే కడుపు బిగుస్తోంది, కడుపు బిగిస్తే నిద్ర పోతోంది, మళ్లీ మాత్ర. మీరేం పని చేస్తారన్నారు?”

“క్రేన్, అమ్మా.”

“ఎంత ఎత్తు?”

“ఇప్పటికి ఇరవై ఏడో అంతస్తు.”

పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. “రెండు వారాలు ఎక్కకండి” అంది.

ఆమె చెప్పినవి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టున్నాయి. మాత్ర మానాలి. నీళ్లు తాగాలి. పళ్లు, కూరలు, పొట్టు తీయని పిండి. పొద్దున్న ఏదైనా తిన్నాక పది నిమిషాలు కూర్చోవాలి, పది దాటితే లేవాలి, పేపరు తీసుకెళ్లకూడదు. వస్తే ఆపుకోకూడదు. ఆ చివరి మాట ఆమె రెండుసార్లు చెప్పింది. రెండు వారాల్లో దారికి రాకపోతే మళ్లీ రమ్మంది.

ఇంటికి వస్తూ బావ అన్నాడు. “అన్నీ చేస్తాను. ఎక్కకుండా మాత్రం కుదరదు. ముప్పై ఒకటి పూర్తయ్యాక చూద్దాం.”

“బావా, ఆవిడ—”

“ఆవిడ ఎప్పుడైనా క్రేన్ ఎక్కిందా? రెండు వారాలు నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటే, మూడో వారం లేస్తాడా?”

అక్క ఇంటికొచ్చాక సీసా కడిగింది.

మర్నాడు పొద్దున్న ఆరు దాటి పది నిమిషాలైంది. గేటు దగ్గర హెల్మెట్లు పంచుతున్నారు. బావ అప్పటికే నిచ్చెన ఎక్కుతున్నాడు. ఇంజనీరు కాగితాలు చూస్తున్నాడు. నేను వెళ్లి ఆయనిచ్చిన రేడియో ఆయన ముందు పెట్టాను.

“ఇదెందుకు?”

“ఆ పాతదాని బ్యాటరీ బాగానే ఉండింది, సార్.”

ఆయన రేడియో వైపు చూడలేదు. పైకి చూశాడు. బావ మూడో మలుపు దాటాడు.

“ఎన్ని రోజులైంది?”

“పన్నెండు.”

“పన్నెండు రోజులు ఆ హుక్కు కింద మనుషులు తిరిగారు.”

“అవును సార్.”

ఆయన రేడియో తీసుకున్నాడు. “క్రేన్, కిందికి రండి.”

“ఇప్పుడే ఎక్కుతున్నా, సార్” అంది రేడియో.

“చూస్తున్నాను. రండి.”

ఆ ఎత్తు నుంచి దిగడానికి అయిదు నిమిషాలు చాలు. బావకు పదిహేను పట్టాయి. కిందికొచ్చి హెల్మెట్ తీసి, నా వైపు ఒకసారి, బల్ల మీది రేడియో వైపు ఒకసారి చూశాడు. అడగాల్సిందేమీ లేకపోయింది.

ఇంజనీరు ఎవరి మీదా గొంతు లేపలేదు. బావను రెండు వారాలు కింద సిగ్నల్ పనికి పెట్టాడు. పైకి వేరే సైటు నుంచి ఒక ఆపరేటరును తెచ్చాడు. సిగ్నల్ పనిలోంచి నన్ను తీసేసి, కాంక్రీటు గొట్టాలు కడగమన్నాడు. “నువ్వు చెప్పావు కాబట్టి గొట్టాలు” అన్నాడు. “చెప్పకుండా నాకే తెలిసుంటే గేటు.”

ఇంట్లో బావ నాతో మాట్లాడడం మానేశాడు. బల్లకు అటు ఆయన, ఇటు నేను, మధ్యలో అక్క.

“ఉప్పు ఇటు జరపమని మీ తమ్ముడికి చెప్పు.”

“వినబడిందక్కా, జరిపానని చెప్పు.”

“ఆయనకు చెవులున్నాయి, నీకు చేతులున్నాయి” అంది అక్క. “నేనేమైనా రేడియోనా?”

మొదటి వారం ఏమీ కాలేదు. మాత్ర మానేసిన నాలుగు రోజులు ఇంకా అన్యాయం. బావ గోడ అటువైపు లేచి నడిచేవాడు. అక్క బొప్పాయి కోసి పెట్టేది. పొట్టు రొట్టె చేసేది. “ఇది గుర్రానికి పెట్టేది” అనేవాడు బావ, తినేవాడు. సైటులో సీసా రెండుసార్లు నింపుకునేవాడు. నేల మీదే ఉన్నాడు కాబట్టి గేటు పక్కన గది యాభై అడుగుల్లో ఉంది. మొదట్లో ఎవరూ చూడనప్పుడు వెళ్లేవాడు, తర్వాత చూసినా వెళ్లేవాడు.

ఇరవై తొమ్మిదో అంతస్తు మొదలైన రోజు పొద్దున్న బావ రొట్టె తిని, పేపరు బల్ల మీదే వదిలి లోపలికి వెళ్లాడు. అక్క గడియారం చూసింది. నేనూ చూశాను. ఆరు నిమిషాల్లో తలుపు తెరుచుకుంది. బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుని పేపరు తెరిచాడు. అక్కా నేనూ ఒకరినొకరం చూసుకుని తలలు దించుకున్నాం.

“టీ ఉందా?” అన్నాడు. తర్వాత పేపరు దించకుండానే, “ఇద్దరూ నవ్వాలంటే నవ్వండి” అన్నాడు.

ఆ రాత్రే నిద్ర పట్టిందని చెప్తే అది అబద్ధం. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం భోజనం చేసి, అక్కతో ఏదో చెప్తూ చెప్తూ కుర్చీలోనే ఆగిపోయాడు. చీకటి పూర్తిగా పడలేదు. పరదాలు వేయలేదు. అక్క భుజం పట్టి మంచం దగ్గరికి నడిపిస్తే, కళ్లు తెరవకుండానే నడిచాడు. పొద్దున్న అయిదింటి దాకా కదల్లేదు. గురక మాత్రం గోడ ఇటువైపుకు వచ్చేసింది.

“ఎలా పడుకున్నావక్కా?” అన్నాను పొద్దున్న.

“ఆ గురకకు ఎవరు పడుకుంటార్రా?” అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది.

బావ బల్ల దగ్గరికొచ్చాడు. అక్క వైపు చూడకుండా, నేరుగా నాతో అన్నాడు. “ఆ గడియారం ఇంకా నీ గదిలోనే ఉందా? తెచ్చెయ్. ఇక నన్నేం చెయ్యదది.”

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆమె చూసి ఎక్కొచ్చని కాగితం రాసింది. ఇంజనీరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “షిఫ్టులో రెండుసార్లు క్రేన్ ఆపుతాం, పదింటికి, రెండింటికి. నలభై నిమిషాలు” అన్నాడు. “ఆ టైములో కిందివాళ్లు తాళ్లూ కొక్కేలూ ఒక్కొక్కటే తనిఖీ చేస్తారు. అసలు రోజూ చేయాల్సిన పనే. క్రేన్ ఆగదు కాబట్టి చేయట్లేదు.” మొదటి తనిఖీలోనే పోగులు తెగిన తాడు ఒకటి దొరికింది. దాన్ని అందరికీ చూపించి పక్కన పడేశారు.

“మధ్యలో అవసరమైతే?” అని బావే అడిగాడు. అడుగుతాడని నేను అనుకోలేదు.

“రేడియోలో చెప్పి దిగండి” అన్నాడు ఇంజనీరు.

ముప్పయ్యో అంతస్తులో బావ పైకి, నేను గొట్టాల దగ్గర్నుంచి రేడియో దగ్గరికి వచ్చాం. పదింటికి దిగేవాడు, రెండింటికి దిగేవాడు. మధ్యలో మాత్రం దిగలేదు. పదకొండేళ్ల పట్టు ఒక్క అంతస్తులో వదలదు.

ముప్పై ఒకటో అంతస్తుకు స్లాబు వేస్తున్న రోజు, పదకొండున్నరకు, కాంక్రీటు లారీలు గేటు బయట మూడు నిలబడి ఉన్నాయి. కాంక్రీటు మోసే బకెట్‌ను కింద, గేటు దగ్గర ఆనించాను.

“సిగ్నల్” అంది రేడియో.

“చెప్పండి, క్రేన్.”

“బకెట్ విప్పించు. హుక్కు ఆపుతున్నా. దిగుతున్నా.”

లారీల వంక చూశాను. మేస్త్రీ వంక చూశాను. ఆ ఛానెల్లో ఇంజనీరు, మేస్త్రీలు, వాచ్‌మన్, అందరూ ఉంటారు. అయినా నోరు ఊరుకోలేదు.

“కారణం చెప్పండి, క్రేన్.”

కాసేపు గాలి చప్పుడు వినిపించింది.

“ఒరేయ్ బావమరిదీ” అన్నాడు రేడియోలో, “కడుపు పిలుస్తోందిరా. ఆగమంటావా?”

స్లాబు మీద మొదట ఎవరో ఒకడు నవ్వాడు. తర్వాత అంతస్తంతా నవ్వింది. అందులోంచి ఇంజనీరు గొంతు వచ్చింది. “రేడియోలో చుట్టరికాలు వద్దన్నాను. దిగండి, దిగండి. లారీలు ఆగుతాయి.”

బావ పన్నెండు నిమిషాల్లో దిగాడు. గేటు పక్కన గదిలోకి వెళ్లాడు. పారపట్టిన వాళ్లు పార ఆనించి నిలబడ్డారు. బావ బయటికొచ్చి, హెల్మెట్ పెట్టుకుని, నా పక్కనుంచి వెళ్తూ భుజం మీద ఒకటి చరిచాడు. గట్టిగానే చరిచాడు. గొట్టాల రోజులకో, రేడియో రోజుకో, నేను అడగలేదు.

సాయంత్రం తాడు మీద సంచి దిగింది. తేలిగ్గా ఉంది. సీసా తీసి వంచితే రెండు చుక్కలు పడ్డాయి.

వాచ్‌మన్ ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేత్తో బకెట్ మోసుకొస్తున్నాడు. మొక్క మొదట్లో నీళ్లు పోసి, నడుం నిటారుగా చేసుకుని, పైకి చూశాడు.

“మీ బావ నీళ్లు తాగడం మొదలెట్టాడు. నాకేమో ఈ వయసులో ఒక పని పెరిగింది” అన్నాడు.